ఇంట్లో వైఫై లేకుండా ఫోన్‌ను టీవీకి కలపడం ఎలా?

ఫోన్‌లో ఉన్న బొమ్మ టీవీ మీద పడాలంటే ఇంట్లో వైఫై కనెక్షన్, దానికో రౌటర్ ఉండి తీరాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. ఫోను, టీవీ ఒకే గదిలో ఉంటే చాలు, మధ్యలో మూడో పెట్టె లేకుండానే పని జరుగుతుంది. కేబుల్ లేకుండా నేరుగా కలపొచ్చు, కేబుల్‌తో కలపొచ్చు, ఫోన్ హాట్‌స్పాట్‌నే రౌటర్‌గా వాడుకోవచ్చు. ఇవేవీ కుదరకపోతే పెన్‌డ్రైవ్ ఉండనే ఉంది. చిక్కల్లా ఒక్కటే: ప్రతి ఫోనూ ప్రతి దారికీ ఒప్పుకోదు. ఆ సంగతి తెలియక కేబుల్ కొని, పెట్టి చూసి, బొమ్మ రాక, దాన్ని సొరుగులో పడేసినవాళ్లు చాలామందే ఉంటారు. అందుకే డబ్బు ఖర్చు కాని దారి ముందు చూద్దాం, కొనాల్సినవి తర్వాత.

ముందు ఇవి తేల్చుకోండి

మీరు చూడాలనుకున్నది ఎక్కడుంది? ఫోన్‌లోనే ఉన్న ఫొటోలు, మీరు తీసిన వీడియోలు, దాచుకున్న సినిమా అయితే ఇంటర్నెట్‌తో పనే లేదు. సిమ్‌లో డేటా పూర్తిగా అయిపోయినా నిశ్చింతగా చూడొచ్చు. యూట్యూబో, ఓటీటీయో అయితే మాత్రం ఇంటర్నెట్ ఎక్కడినుంచో రావాలి. రౌటర్ లేదు కాబట్టి అది మీ సిమ్ నుంచే వస్తుంది. మొదటి రకానికి దిగువ చెప్పే ఏ దారైనా సరిపోతుంది. రెండో రకానికి కొన్ని ఇబ్బందులున్నాయి, అవి వచ్చినచోట చెబుతాను.

తర్వాత టీవీ వెనక్కి ఒకసారి తొంగి చూడండి. హెచ్‌డీఎంఐ అని రాసి ఉన్న పోర్టు ఉందా? యూఎస్‌బీ పోర్టు ఉందా? పసుపు, ఎరుపు, తెలుపు రంగుల గుండ్రటి రంధ్రాలు మాత్రమే ఉన్నాయా? అది స్మార్ట్ టీవీయేనా? ఫోన్ ఆండ్రాయిడా, ఐఫోనా, ఛార్జింగ్ పోర్టు ఏ రకం? ఇంత తెలిస్తే చాలు.

కేబుల్ లేకుండా నేరుగా: స్క్రీన్ మిర్రరింగ్

ఫోన్ తెరను ఉన్నది ఉన్నట్టుగా టీవీలో చూపించే పద్ధతి ఇది. దీని వెనకున్న ప్రమాణం పేరు మిరాకాస్ట్. వైఫై అలయన్స్ 2012లో తెచ్చింది. రౌటర్ అవసరం లేకుండా రెండు పరికరాలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునే వైఫై డైరెక్ట్ మీద ఇది నడుస్తుంది. బొమ్మతోపాటు శబ్దం కూడా టీవీకే వెళ్తుంది.

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఇంట్లో వైఫై లేదు కదా అని ఫోన్‌లో వైఫై బటన్ ఆపేసి ఉంచుతారు. అది ఆన్‌లోనే ఉండాలి. ఏ నెట్‌వర్క్‌కూ కనెక్ట్ కాకపోయినా పర్వాలేదు, రేడియో పనిచేస్తుంటే చాలు. టీవీలో కూడా అంతే.

1. టీవీ రిమోట్‌లో సోర్స్ లేదా ఇన్‌పుట్ బటన్ నొక్కండి. స్క్రీన్ మిర్రరింగ్, స్క్రీన్ షేర్, వైఫై డైరెక్ట్, మిరాకాస్ట్ లాంటి పేరు ఏదైనా కనిపిస్తే దాన్ని తెరవండి. అక్కడ లేకపోతే యాప్‌ల జాబితాలో వెతకండి. ఎల్‌జీ టీవీల్లో స్క్రీన్ షేర్ అనే యాప్‌గా ఉంటుంది. ఫైర్ టీవీ స్టిక్ ఉన్నవాళ్లు చాలా మోడళ్లలో రిమోట్ హోమ్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే మిర్రరింగ్ కనిపిస్తుంది. కొన్ని టీవీల్లో ఏదీ తెరవనక్కర్లేదు, ఫోన్ నుంచి పిలుపు రాగానే అవే అడుగుతాయి.

2. ఫోన్‌లో వైఫై ఆన్ చేయండి. పాత ఆండ్రాయిడ్ ఫోన్లయితే లొకేషన్ కూడా ఆన్ చేయండి. దగ్గర్లోని పరికరాలను వెతకడానికి వాటికి అది కావాలి.

3. తెర పైనుంచి కిందికి లాగితే వచ్చే బటన్లలో శాంసంగ్ ఫోన్లలో స్మార్ట్ వ్యూ, మిగతావాటిలో క్యాస్ట్, స్క్రీన్‌క్యాస్ట్, వైర్‌లెస్ డిస్‌ప్లే ఇలా ఏదో ఒక పేరుంటుంది. కనిపించకపోతే సెట్టింగ్స్ పైన ఉండే వెతికే పెట్టెలో ఈ పేర్లు ఒక్కొక్కటీ కొట్టి చూడండి. కొన్ని ఫోన్లలో క్యాస్ట్ పేజీ తెరిచాక మూడు చుక్కల మీద నొక్కి, వైర్‌లెస్ డిస్‌ప్లేకు టిక్ పెడితేగానీ టీవీ పేరు రాదు.

4. జాబితాలో మీ టీవీ పేరు నొక్కండి. టీవీలో అనుమతి అడిగితే రిమోట్‌తో ఒప్పుకోండి, పిన్ చూపిస్తే ఫోన్‌లో కొట్టండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే పక్కింటి టీవీ కూడా జాబితాలో కనిపించవచ్చు, పేరు చూసి నొక్కండి.

5. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే టీవీ తెర నిండుగా వస్తుంది. తిరగకపోతే ఫోన్‌లో ఆటో రొటేట్ ఆపి ఉందేమో చూడండి.

అన్నీ సరిగ్గా చేసినా ఫోన్‌లో ఆ ఆప్షనే లేకపోవచ్చు. ఆండ్రాయిడ్‌లో మిరాకాస్ట్ 2012లో 4.2 వెర్షన్‌తో వచ్చింది, కానీ తర్వాత గూగుల్ తన సొంత ఫోన్ల నుంచి దాన్ని తీసేసింది. అందుకే పిక్సెల్ ఫోన్లలో ఈ దారి మూసుకుపోయింది. శాంసంగ్ లాంటి కంపెనీలు తమ ఫోన్లలో దాన్ని కొనసాగిస్తున్నాయి. ఐఫోన్లలో మిరాకాస్ట్ మొదటినుంచీ లేదు. టీవీల వైపూ ఇదే గొడవ: కొన్ని ఆండ్రాయిడ్ టీవీలు గూగుల్ సొంత పద్ధతి అయిన గూగుల్ క్యాస్ట్‌కు మాత్రమే ఒప్పుకుంటాయి, మిరాకాస్ట్ పలకదు. అలాంటిచోట కింద చెప్పిన హాట్‌స్పాట్ దారి పట్టాలి.

స్మార్ట్ టీవీ కాకపోయినా హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే మిరాకాస్ట్ డాంగిల్ ఒకటి పెట్టుకోవచ్చు. హెచ్‌డీఎంఐలో గుచ్చి, దాని యూఎస్‌బీ తోకను టీవీ యూఎస్‌బీకో ఛార్జర్‌కో కలిపితే కరెంటు అందుతుంది. కొనేటప్పుడు డబ్బా మీద మిరాకాస్ట్ అన్న మాట ఉందో లేదో చూసుకోండి. గూగుల్ వారి క్రోమ్‌కాస్ట్ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది గానీ, దానికి నెట్‌వర్క్ కావాలి.

ఈ పద్ధతిలో ఫోన్‌లో చేసింది టీవీలో కాస్త ఆలస్యంగా కనిపిస్తుంది. సినిమాకు, ఫొటోలకు తేడా తెలియదు. గేమ్ ఆడదామంటే మాత్రం చిరాకేస్తుంది. ఫోన్ తెర ఆరిపోతే చాలా ఫోన్లలో టీవీలోనూ బొమ్మ పోతుంది, కాబట్టి స్క్రీన్ టైమౌట్ పెంచుకోండి. బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఫోన్ వేడెక్కుతుంది కూడా. పెద్ద సినిమా పెట్టేముందు ఛార్జర్ దగ్గర పెట్టుకోవడం మంచిది.

యూట్యూబ్ వీడియో అయితే మిర్రరింగ్ నడుస్తుండగానే మొబైల్ డేటా ఆన్ చేసుకుని చూడొచ్చు. నేరుగా కలిసినప్పుడు ఫోన్‌కూ టీవీకీ మధ్య తిరిగేది మీ డేటా ప్యాక్‌లోంచి పోదు. వీడియో ఇంటర్నెట్ నుంచి ఫోన్‌లోకి దిగినంత మాత్రమే ఖర్చవుతుంది.

ఫోన్ హాట్‌స్పాట్‌తో

ఇందులో బొమ్మను ఫోన్ మోయదు. ఫోన్ దారి మాత్రమే చూపిస్తుంది, టీవీయే ఇంటర్నెట్ నుంచి వీడియో తెచ్చుకుంటుంది. స్మార్ట్ టీవీలో యూట్యూబ్, ఓటీటీ యాప్‌లు ఉన్నవాళ్లకు ఇదే నయం. నాణ్యత బాగుంటుంది, ఫోన్ తెర ఆరిపోయినా వీడియో ఆగదు, ఓటీటీ యాప్‌ల కాపీ రక్షణ వల్ల మిర్రరింగ్‌లో వచ్చే నల్ల తెర సమస్య ఉండదు.

ఫోన్‌లో మొబైల్ డేటా ఆన్ చేసి, హాట్‌స్పాట్ ఆన్ చేయండి. పేరు, పాస్‌వర్డ్ అక్కడే పెట్టుకోవచ్చు. రిమోట్‌తో ఒక్కో అక్షరం వెతికి కొట్టడం నరకం కాబట్టి, పాస్‌వర్డ్‌లో వింత గుర్తులు పెట్టకుండా కాస్త పొడుగ్గా, సులువుగా కొట్టగలిగేలా పెట్టుకోండి. టీవీ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌కు వెళ్లి, వైఫై జాబితాలో మీ ఫోన్ పేరు ఎంచుకుని కనెక్ట్ చేయండి. తర్వాత టీవీలోని యాప్ తెరిచి నేరుగా చూడొచ్చు.

టీవీకి ఫోన్ పేరు కనిపించకపోతే చాలాసార్లు కారణం బ్యాండ్. పాత టీవీలు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి, కొత్త ఫోన్లు 5 గిగాహెర్ట్జ్‌లో హాట్‌స్పాట్ ఇస్తుంటాయి. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌ను 2.4కు మార్చండి. ఐఫోన్ 12, ఆ తర్వాతి మోడళ్లలో ఇదే పనికి పర్సనల్ హాట్‌స్పాట్ పేజీలో మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ అనే బటన్ ఉంటుంది. ఐఫోన్‌లో టీవీ కనెక్ట్ అయ్యేదాకా ఆ పేజీ తెరిచే ఉంచండి. అయినా టీవీ ఒప్పుకోకపోతే, భద్రత రకం డబ్ల్యూపీఏ3లో ఉందేమో చూసి డబ్ల్యూపీఏ2కు మార్చండి. కాసేపటికి దానంతట అదే ఆగిపోతుంటే, వాడనప్పుడు హాట్‌స్పాట్ ఆపేసే ఆప్షన్ ఆండ్రాయిడ్‌లో ఉంటుంది, దాన్ని తీసేయండి.

ఇక డేటా సంగతి. పెద్ద తెరకు టీవీ తనంతట తాను ఎక్కువ నాణ్యత ఎంచుకుంటుంది, అక్కడే ప్యాక్ కరిగిపోతుంది. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా, 4కేలో గంటకు 7 జీబీ దాకా పోతుంది. రోజుకింతని డేటా వచ్చే ప్యాక్ అయితే ఒక్క సినిమాతో ఆ రోజుకి సరి. యూట్యూబ్‌లో గేర్ గుర్తు నొక్కి 480పీకి దించితే ఖర్చు బాగా తగ్గుతుంది, మామూలు సైజు టీవీలో చూడ్డానికి అదేమీ అంత అన్యాయంగా ఉండదు. ఇంకో మాట: హాట్‌స్పాట్‌కు కనెక్ట్ అయిన టీవీ వెంటనే తన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు దించుకోవడం మొదలుపెట్టొచ్చు. ముందే వెళ్లి ఆటో అప్‌డేట్ ఆపేయండి.

ఫోన్‌లో వెతికి టీవీకి పంపే క్యాస్ట్ గుర్తు వాడాలంటే ఫోను, టీవీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. హాట్‌స్పాట్ ఇస్తున్న ఫోన్ నుంచే క్యాస్ట్ చేస్తే చాలాసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు యాప్‌కు టీవీ కనిపించదు. అప్పుడు ఇంట్లో ఇంకో ఫోన్ ఉంటే దాని నుంచి హాట్‌స్పాట్ ఇచ్చి, మీ ఫోన్‌నూ టీవీనీ దానికి కలపండి. క్రోమ్‌కాస్ట్‌ను మొదటిసారి సెట్ చేసేటప్పుడు కూడా ఈ రెండో ఫోన్ ఉంటే పని సాఫీగా అవుతుంది.

డేటా అసలు లేనప్పుడు కూడా హాట్‌స్పాట్ పనికొస్తుంది, ఇది చాలామందికి తట్టదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో మొబైల్ డేటా ఆపేసి హాట్‌స్పాట్ మాత్రమే ఆన్ చేస్తే ఇంటర్నెట్ లేని చిన్న నెట్‌వర్క్ తయారవుతుంది. ఫోన్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్ ద్వారా టీవీకి అందించే డీఎల్‌ఎన్‌ఏ సర్వర్ యాప్ ఒకటి పెట్టుకుంటే, టీవీలోని మీడియా ప్లేయర్‌లో మీ ఫోన్ ఒక ఫోల్డర్‌లా కనిపిస్తుంది. అందులోని పాటలు, ఫొటోలు, వీడియోలు రిమోట్‌తోనే తెరవొచ్చు. యాప్‌ను మాత్రం డేటా ఉన్నప్పుడే దించి పెట్టుకోండి.

కేబుల్‌తో

ఆలస్యం ఉండదు, తెగిపోదు, పక్కింటి సిగ్నల్ అడ్డురాదు. ఫోన్ ఒప్పుకుంటే దీన్ని మించింది లేదు. ఒప్పుకుంటుందా అన్నదే ప్రశ్న.

ఈనాటి ఫోన్లలో చాలావాటికి టైప్-సీ పోర్టు ఉంటుంది. ఆకారం ఒకటే అయినా లోపల అన్నీ ఒకటి కావు. బొమ్మ బయటికి రావాలంటే డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనే సౌకర్యం ఉండాలి. 2014లో వచ్చిన ఈ పద్ధతి, టైప్-సీలోని వేగవంతమైన తీగల జతలను బొమ్మ పంపడానికి వాడుకుంటుంది. యూఎస్‌బీ 2.0 వేగంతో వచ్చే ఆండ్రాయిడ్ ఫోన్లలో మామూలుగా ఆ జతలను పోర్టుకు కలపరు, కాబట్టి ఎంత మంచి కేబుల్ పెట్టినా తెర నల్లగానే ఉంటుంది. తక్కువ, మధ్య శ్రేణి ఫోన్లలో ఎక్కువభాగం ఈ కోవలోనివే.

అందుకే కేబుల్ కొనేముందు కంపెనీ సైట్‌లో మీ మోడల్ స్పెసిఫికేషన్లు తెరవండి. డిస్‌ప్లేపోర్ట్ అనో, వీడియో అవుట్ అనో స్పష్టంగా రాసి ఉంటే సరే. ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఆ మాట లేకుండా యూఎస్‌బీ 2.0 అని మాత్రమే ఉంటే ఆశ వదులుకోండి. యూఎస్‌బీ 3.1 లేదా 3.2 అని ఉండి, డిస్‌ప్లే మాట లేకపోతే గ్యారంటీ లేదు, తెలిసినవాళ్ల కేబుల్ తెచ్చి పెట్టి చూడటమే మేలు. శాంసంగ్ గెలాక్సీ ఎస్8 నుంచి ఎస్ సిరీస్ ఫోన్లలో ఇది ఉంది. గూగుల్ పిక్సెల్ 8 ఫోన్లకు 2024లో అప్‌డేట్ ద్వారా వచ్చింది. ఐఫోన్ 15 నుంచి టైప్-సీతో హెచ్‌డీఎంఐకి పంపవచ్చు.

కొనేటప్పుడు ఒక కొస టైప్-సీ, ఇంకో కొస హెచ్‌డీఎంఐ ఉన్న తిన్నని కేబుల్ కన్నా, ఛార్జింగ్ పోర్టు కూడా ఉన్న అడాప్టర్ తీసుకోమంటాను. దానికి మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ వేరే కావాలి, కానీ చూస్తున్నంతసేపూ ఫోన్ ఛార్జ్ అవుతుంటుంది. కలిపాక టీవీలో సోర్స్ బటన్ నొక్కి, వెనక ఏ నంబరు హెచ్‌డీఎంఐలో పెట్టారో దాన్నే ఎంచుకోండి. ఫోన్‌లో వేరే సెట్టింగ్ ఏదీ మార్చనక్కర్లేకుండానే బొమ్మ వస్తుంది. శాంసంగ్‌లో మాత్రం డెక్స్ (కంప్యూటర్ తెరలాంటి రూపం) కావాలా, మామూలు మిర్రరింగ్ కావాలా అని అడగొచ్చు.

ఆల్ట్ మోడ్ లేని ఆండ్రాయిడ్ ఫోన్లకు డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న అడాప్టర్లు ఒక పక్కదారి. ఫోన్‌లో డిస్‌ప్లేలింక్ ప్రెజెంటర్ యాప్ వేసుకుంటే తెర టీవీలోకి వెళ్తుంది. ఓటీటీ సినిమాలకు ఇది పనికిరాదు, ఫొటోలకూ మీటింగుల్లో స్లైడ్లకూ సరిపోతుంది.

మైక్రో యూఎస్‌బీ ఉన్న పాత ఫోన్లకు ఎంహెచ్‌ఎల్ అనే పద్ధతి ఉండేది. మీ మోడల్‌లో అది ఉందని కచ్చితంగా తెలిస్తే తప్ప ఇప్పుడు దానికి కేబుల్ కొనకండి.

ఐఫోన్ వాళ్లకు

లైట్నింగ్ పోర్టు ఉన్న ఐఫోన్లకు యాపిల్ వారి లైట్నింగ్ డిజిటల్ ఏవీ అడాప్టర్ ఉంది. అందులో హెచ్‌డీఎంఐ పక్కనే ఛార్జింగ్ పోర్టూ ఉంటుంది. వేరే కంపెనీల అడాప్టర్లలో చాలావాటికి ఛార్జర్ కలిపితేగానీ బొమ్మ రాదు, రాకపోతే ముందు అది చూడండి.

ఇంట్లో యాపిల్ టీవీ పెట్టె ఉంటే రౌటర్ లేకుండానే ఎయిర్‌ప్లే, అంటే యాపిల్ సొంత వైర్‌లెస్ పద్ధతి, వాడొచ్చు. ఐఓఎస్ 8తో 2014లో ఈ వీలు వచ్చింది. ఐఫోన్‌లో వైఫై, బ్లూటూత్ రెండూ ఆన్‌లో ఉంచి, కంట్రోల్ సెంటర్‌లో స్క్రీన్ మిర్రరింగ్ నొక్కితే పెట్టె పేరు కనిపిస్తుంది. టీవీలోనే ఎయిర్‌ప్లే ఉంటే దాన్ని హాట్‌స్పాట్‌కు కలిపి ప్రయత్నించండి. కొన్ని మోడళ్లలో పనిచేస్తుంది, కొన్నిటిలో మొండికేస్తుంది.

యూఎస్‌బీ, పెన్‌డ్రైవ్

ఛార్జింగ్ కేబుల్‌తోనే ఫోన్‌ను టీవీ యూఎస్‌బీకి కలిపి, ఫోన్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుంటే కొన్ని టీవీలు ఫోన్‌లోని ఫైళ్లను చదువుతాయి. చాలా టీవీలు చదవవు, ఛార్జింగ్ మాత్రం ఇస్తాయి. ఒకసారి చూసి, రాకపోతే దానితో పోట్లాడకండి.

పెన్‌డ్రైవ్ అలా కాదు. ఫోన్‌కు పెన్‌డ్రైవ్ కలిపే ఓటీజీ అడాప్టర్‌తో, లేదా రెండు కొసలున్న టైప్-సీ పెన్‌డ్రైవ్‌తో ఫోన్ నుంచి వీడియో కాపీ చేసి టీవీకి పెట్టండి. ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసి ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఎక్కుతుంది గానీ కొన్ని పాత టీవీలు దాన్ని గుర్తించవు. వీడియో ఎంపీ4, హెచ్.264 రకమైతే దాదాపు ప్రతి టీవీలో ఆడుతుంది. ఐఫోన్‌లో తీసినవి పాత టీవీల్లో తెరుచుకోకపోతే, కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్‌కు వెళ్లి మోస్ట్ కంపాటబుల్ ఎంచుకోండి. ఇకమీదట తీసేవి తెరుచుకుంటాయి, పాతవి మారవు.

హెచ్‌డీఎంఐ లేని పాత టీవీ అయితే

హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి (పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలకు) మార్చే చిన్న డబ్బా కావాలి. ఇదే ఆకారంలో, ఇదే రంగులో ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేదీ దొరుకుతుంది. అది మనకు పనికిరాదు, డబ్బా మీద బాణం గుర్తు ఎటు ఉందో చూసి కొనండి. దానికి యూఎస్‌బీ కరెంటు ఇవ్వడం మరిచిపోవద్దు. వీడియోలు ఫర్వాలేదనిపిస్తాయి, అక్షరాలు మాత్రం మసకగా ఉంటాయి.

బొమ్మ రాకపోతే, శబ్దం రాకపోతే

శబ్దం వినిపిస్తూ తెర నల్లగా ఉంటే అది మీ తప్పు కాదు, ఓటీటీ యాప్‌ల కాపీ రక్షణ. మిర్రరింగ్‌లోనూ, చవక అడాప్టర్లలోనూ ఇది తరచుగా ఎదురవుతుంది. టీవీలోనే ఆ యాప్ వేసి హాట్‌స్పాట్‌తో చూడటమే దీనికి మందు. బొమ్మ టీవీలో, శబ్దం ఇంకెక్కడో వస్తుంటే ఫోన్ బ్లూటూత్‌కు ఇయర్‌ఫోన్లు కలిసి ఉన్నాయేమో చూడండి. బొమ్మ అంచులు తెగిపోతుంటే టీవీ పిక్చర్ సైజ్‌లో జస్ట్ స్కాన్ లేదా స్క్రీన్ ఫిట్ లాంటిది ఎంచుకోండి. మిర్రరింగ్ తడబడుతుంటే ఫోన్‌ను టీవీకి దగ్గరగా తెచ్చి, బ్లూటూత్ ఆపి చూడండి. టీవీ పేరు ఎంతకీ జాబితాలో రాకపోతే రెండింటినీ ఆపి మళ్లీ ఆన్ చేయండి. విసుగొచ్చే సలహా అని తెలుసు, కానీ చాలాసార్లు పనిచేసేది అదే.

మిర్రరింగ్ చేసేముందు డు నాట్ డిస్టర్బ్ పెట్టుకోండి. లేకపోతే బ్యాంకు ఓటీపీలు, ఎవరి మెసేజ్‌లో గది నిండా జనం ముందు పెద్ద అక్షరాలతో ప్రత్యక్షమవుతాయి. మీది కాని టీవీకి కలిపినట్లయితే, పని అయ్యాక ఆ టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి పరికరాల జాబితాలోంచి మీ ఫోన్ పేరు తీసేయండి. దానికి మీ హాట్‌స్పాట్ ఇచ్చి ఉంటే పాస్‌వర్డ్ కూడా మార్చేయండి.